పాదాల మీద ఇసుక సంచి

తాళాలాయన ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు చూసేది తలుపు తాళాన్ని. అది ఆయన వృత్తిరోగం. చుట్టాలింటికి వెళ్తే కుశలప్రశ్నలు పూర్తి కాకముందే గుమ్మం దగ్గర వంగి, ఈ గడియ ఇంకో వానాకాలం ఆగదని చెప్పి ఇంటివాళ్ల మనసు పాడుచేసేవాడు. అలాంటి మనిషి భార్యను వెంటబెట్టుకుని ఆసుపత్రి అడుగు అంతస్తులో స్కాన్ గది ముందు మొట్టమొదటిసారి నిలబడ్డప్పుడు కూడా ఆయన కళ్లు తలుపు మీదికే పోయాయి. గోడంత మందం ఉన్న తలుపు. పిడి ఉంది, తాళం మాత్రం లేదు. ఇంత ఖరీదైన మిషను పెట్టుకుని తాళం పెట్టుకోలేదేమిటా అనుకున్నాడు. భయం పట్టుకున్నప్పుడు మనిషి బుర్ర ఇలాంటి పనికిమాలిన సంగతుల చుట్టూనే తిరుగుతుంది.

ఆయన భార్యను అందరూ టీచరమ్మ అనే పిలిచేవారు. చిన్నపిల్లల బడిలో అక్షరాలు దిద్దించి దిద్దించి ఆవిడ చేతికి సుద్దముక్క వాసన శాశ్వతంగా పట్టేసింది. ఆ సంవత్సరం ఆవిడ నడుము నొప్పి నడుము నొప్పి కాదని తేలింది. వెన్నులో కణితి. తీయగలిగినంత తీశారు. తీయలేనిదాన్ని మందులతో అదుపులో పెడతామన్నారు. అది బుద్ధిగా పడుకుని ఉందో, మళ్లీ తల ఎత్తుతోందో చూడటానికి అప్పుడప్పుడూ స్కాన్ చేయాలన్నారు. అప్పుడప్పుడూ అన్న మాట వినడానికి ఎంత తేలిగ్గా ఉంటుందో! అది ఎన్నేళ్లు సాగుతుందో ఆ రోజు ఎవరూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

ఆ మొదటి రోజు టీచరమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మూసిన సొరంగంలో పడుకోవాలంటే చాలు, ఆవిడకు ఊపిరి అందదు. లిఫ్ట్ ఎక్కాలన్నా మెట్లే నయమనే మనిషి. అది చూసి స్కాన్ తీసే అమ్మాయి, కావాలంటే ఇంట్లోవాళ్లు ఒకరు లోపల కూర్చోవచ్చంది. కాకపోతే ఒంటి మీద ఇనుము అన్నది ఉండకూడదు, ఆ మిషను పెద్ద అయస్కాంతం, దేన్నైనా లాగేసుకుంటుందని చెప్పింది. తాళాలాయన జేబులు ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. తాళంచెవులు, ఆకురాయి, మరలు, వంగిన తీగలు, చిన్న పట్టకారు, ఎవరిదో బీరువా పిడి. ప్లాస్టిక్ ట్రే నిండిపోయింది. ఊళ్లో దొంగలందరూ మీ పేరు చెప్పుకునే బతుకుతున్నారా అంకుల్ అని ఆ అమ్మాయి నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వింది. అదే ఆ రోజుకు ఆఖరి నవ్వు.

బల్ల ఆవిడను మెల్లగా లోపలికి మింగింది. బయట మిగిలినవి పాదాలు రెండే. తాళాలాయన స్టూలు దగ్గరికి జరుపుకుని ఆ పాదాలను రెండు చేతులతో పట్టుకున్నాడు. మిషను మోత మొదలైంది. రోజంతా తన తాళాల కొట్లో గీకుడు చక్రం రొద మధ్య బతికే మనిషే అయినా, ఆ మోతకు ఆయన గుండె జారిపోయింది. మధ్యలో ఒకసారి పాదం బొటనవేలు కదిలితే, నేనిక్కడే ఉన్నానన్నట్టు నొక్కాడు. బయటికి వచ్చాక టీచరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా మొదట అన్న మాట ఇదే.

"మీరు పట్టుకున్నారు కాబట్టి పడుకున్నానండీ. లేకపోతే మధ్యలోనే లేచి పారిపోయేదాన్ని."

ఆ తర్వాత కొన్నాళ్లు అలాగే గడిచింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు అంటారు కదా, వీళ్లూ పడ్డట్టే కనిపించారు. టీచరమ్మ హుక్కులూ జిప్పులూ లేని వదులు గౌను ఒకటి కుట్టించుకుని దానికి యూనిఫారం అని పేరు పెట్టింది. చెవిపోగులు ఇంట్లోనే తీసి, ఖాళీ అగ్గిపెట్టెలో వేసి బయల్దేరేది. వరండాలో ఏ కుర్చీ ఊగుతుందో, కాఫీ మిషను ఏ బటన్ నొక్కితే ఒట్టి వేడినీళ్లు పోస్తుందో తాళాలాయనకు కంఠతా వచ్చేసింది. బిక్కచచ్చిపోయి కూర్చున్న కొత్తవాళ్లు కనిపిస్తే టీచరమ్మ పక్కకు వెళ్లి పాఠం మొదలుపెట్టేది. మొదట వడ్రంగి వచ్చి మేకులు కొడతాడు, తర్వాత రోడ్డు తవ్వేవాళ్లు వస్తారు, ఆఖర్న ఎవరో పిచ్చివాడు కాలింగ్ బెల్లు మీద వేలు తీయకుండా నిలబడతాడు, అంతే, ఇంటికి వెళ్లిపోవడమే అనేది. జీవితమంతా పిల్లల్ని కదలొద్దు, మెదలొద్దు అని సతాయించాను, వాళ్ల ఉసురే నాకిలా తగిలింది అనేది. కొత్తవాళ్లు నవ్వేవారు. తాళాలాయన ఆవిడ వైపు గర్వంగా చూసేవాడు.

ఒకసారి జేబులు ఖాళీ చేస్తుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎందుకండీ ఈ తతంగం? నాకు అలవాటైపోయింది. మీరు బయట కూర్చోండి."

నిజమా అని ఆయన అడగలేదు. ఈ కథలో చెప్పుకోవాల్సిన తప్పు ఏదన్నా ఉంటే అదే. అడిగి ఉంటే ఆవిడ కళ్లలోకి చూడాల్సి వచ్చేది. చూస్తే తెలిసిపోయేది. తెలిస్తే మళ్లీ లోపలికి వెళ్లి ఆ మోతలో కూర్చోవాలి. ఆయన ట్రేలోంచి ఆకురాయి తీసి జేబులో వేసుకున్నాడు. పోనీలే, పాపం అలవాటైందట అని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ మాట ఎంత హాయిగా ఉందంటే, దాన్ని ఇంకోసారి తిప్పి చూడాలనిపించలేదు.

ఆ రోజే ఇంకొకటి కూడా కలిసొచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో సామాన్లు పెట్టుకునే అరల తాళాలు సగం పనిచేయడం లేదు. వరండాలో ఊరికే కూర్చోవడం చేతకాని తాళాలాయన ఒకదాన్ని విప్పి బాగుచేశాడు. అది చూసిన ఆసుపత్రివాళ్లు మిగతావి కూడా ఆయనకే అప్పగించారు. అక్కణ్నుంచి ప్రతి స్కాన్‌కీ ఆయనకు అక్కడ ఏదో ఒక పని ఉండేది. లోపల భార్య సొరంగంలో, బయట ఆయన అరల ముందు మోకాళ్ల మీద. మోత వినిపించినా చేతిలో పని ఉంటే మనసు దాని మీదికి పోదు. అరలన్నీ బాగుపడ్డాక అక్కడ పని లేకుండా పోయింది. అప్పుడిక టీచరమ్మను గేటు దగ్గర దించి కొట్టుకు వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. ఆవిడ చెల్లెలు తోడు వచ్చేది. ఆ మరదలు లోపల కూర్చుంటానంటే టీచరమ్మ వద్దనేదట. సాయంత్రం ఇంటికి వచ్చి స్కాన్ ఎలా అయిందని ఆయన అడిగితే, ఎప్పటిలాగే, నిద్ర కూడా పట్టిందండీ అనేది. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మందుల డబ్బా తెరిచేది. ఆయన అదీ నమ్మాడు.

ఇలా ఉండగా ఒక రోజు కొట్లో పాత ఇనప్పెట్టె తాళంచెవి గీకుతుంటే ఉక్కు రజను ఎగిరి కంట్లో పడింది. కళ్లద్దాలు పెట్టుకోమని టీచరమ్మ ఏళ్ల తరబడి పోరుతూనే ఉంది. అవి గోడ మేకుకు వేలాడుతూనే ఉన్నాయి. కంటి డాక్టరు తీయగలిగినంత తీశాడు. ఒక్క పలుకు మాత్రం లోతుగా దిగిపోయింది, కెలికితే చూపుకే ముప్పు, అక్కడే ఉండనిద్దాం అన్నాడు. మీకు అలవాటైపోతుందని కూడా అన్నాడు. వెళ్లేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. జన్మలో ఆ అయస్కాంతం స్కాన్ గదిలోకి మాత్రం పోకూడదు, లోపలి పలుకును అది లాగితే కన్ను పోయినట్టే.

తాళాలాయన పెద్దగా నవ్వేశాడు. "దాంతో నాకేం పని డాక్టరుగారూ? ఆ శాఖ మా ఆవిడది."

పక్కనే కూర్చున్న టీచరమ్మ ఆ మాటకు నవ్వలేదు. ఆయన అది గమనించలేదు. గమనించాడేమో కూడా, చెప్పలేం. కన్ను మండుతోంది, ఇంటికి పోయి పడుకుంటే చాలుననుకున్నాడు.

కణితి కొన్నేళ్లు మాట విన్నది. తర్వాత వినడం మానేసింది. టీచరమ్మ మొదట బడి మానింది, తర్వాత మెట్లెక్కడం మానింది, ఆఖరికి కుర్చీలోంచి లేవాలన్నా ఒక చెయ్యి కావాల్సి వచ్చింది. తాళాలాయన కొట్టు మధ్యాహ్నానికే మూసేసి ఇంటికి వచ్చేసేవాడు. అప్పుడు కణితికి మందులిచ్చే డాక్టరమ్మ ఆయన్ని పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఇంకొక్క స్కాన్ చేసి చూద్దాం, మందు ఇంకా పనిచేస్తుంటే కొనసాగిద్దాం, లేకపోతే ఆపేసి నొప్పి తెలియకుండా చూసుకుందాం. ఏదైనా సరే ఆవిడ ఒంట్లో శక్తి లేదు, అంతసేపు అలా పడుకోబెట్టడం ఇదే ఆఖరు అంది. తాళాలాయన తల ఊపాడు.

స్కాన్ రోజు పొద్దున మరదలికి జ్వరం. బావగారూ, మీరే తీసుకెళ్లాలి అని ఫోను చేసింది. ఆయన ఎలాగూ వెళ్దామనే ఉన్నాడు. టీచరమ్మ యూనిఫారం వేసుకుంది. అది ఇప్పుడు ఆవిడకు ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టు వేలాడుతోంది. చెవిపోగులు ఆయనే తీసి అగ్గిపెట్టెలో వేశాడు. ఆసుపత్రిలో చక్రాల కుర్చీ తోసుకుంటూ అడుగు అంతస్తుకు వెళ్తే, అదే వరండా. ఊగే కుర్చీ ఇంకా ఊగుతూనే ఉంది. స్కాన్ తీసే అమ్మాయి కూడా ఆ అమ్మాయే, కాస్త లావైంది, కళ్లజోడు వచ్చింది.

ఆ అమ్మాయి ఆయన్ని చూసి పలకరించింది. అంకుల్, చాలా ఏళ్లకు కనిపించారే అంది. మామూలుగా అన్న మాటే, కానీ ఆయనకు ముఖం చెల్లలేదు. ఆ అమ్మాయి టీచరమ్మను లోపలికి తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టి, తిరిగి బయటికి వచ్చి, బీరువా అడుగు అరలోంచి నీలం రెక్సిన్ సంచి ఒకటి తీసింది. చిన్న తలగడంత ఉంది. చూడగానే బరువైనదని తెలుస్తోంది. తాళాలాయన అదేమిటని అడిగాడు.

"ఇసుక సంచి అంకుల్. ఎక్స్‌రేలకు కాలూ చెయ్యీ కదలకుండా ఆనించడానికి వాడతాం. ఇది అమ్మగారిది. ఇది పాదాల మీద పెడితేగాని ఆవిడ పడుకోరు."

ఎప్పటినుంచి అని ఆయన అడిగాడు. ఆ అమ్మాయి ఆలోచించింది. మీరు లోపలికి రావడం మానేసిన దగ్గర్నుంచే అంకుల్, మొదటిసారి ఒకటే వణుకు, ఫొటోలన్నీ చెడిపోయాయి, పాదాల మీద ఏదన్నా బరువు పెట్టమ్మా అని ఆవిడే అడిగారు, అప్పుడు ఇది దొరికింది, ఇంక వేరే ఎవరికీ ఇవ్వకుండా ఆవిడ కోసం పక్కన పెట్టేదాన్ని అంది. ఇది కూడా మామూలుగానే చెప్పింది. చల్లగా ఉంటుందని మాత్రం ఒక్కోసారి అంటారు, ఏసీలో ఉంటుంది కదా అని కూడా అంది.

తాళాలాయన ఆ సంచి వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. అన్ని స్కాన్లు. తను అరల ముందు మోకాళ్ల మీద కూర్చుని మరలు బిగిస్తున్నప్పుడు, కొట్లో ఎవరితోనో బేరం ఆడుతున్నప్పుడు, ఈ రెక్సిన్ సంచి లోపల తన పని చేసింది. తన చేతుల పని. దానికి ఆ మోతంటే భయం లేదు, తప్పించుకు తిరగడం రాదు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నేను లోపల కూర్చుంటాను అన్నాడు. ఆ అమ్మాయి సంతోషించింది. అలవాటు కొద్దీ ప్రశ్నలు వల్లించింది. గుండెలో మిషను ఉందా, ఒంట్లో రాడ్లు ఉన్నాయా, ఎప్పుడన్నా కంట్లో ఇనుప రజను పడిందా.

"లేదమ్మా" అన్నాడు తాళాలాయన.

కన్ను ఒకటి పోతే ఇంకొకటి ఉంది. ఈ గదిలోకి వెళ్లడానికి మాత్రం ఇంకో రోజు లేదు. ఆయన లెక్క అంతే. జేబులు ఖాళీ చేశాడు. ట్రే మళ్లీ నిండింది. బెల్టు తీశాడు, చెప్పులు విప్పాడు. ఆ అమ్మాయి తలుపు తెరిచింది. చలిగాలి ముఖానికి కొట్టింది. దూరంగా బల్ల మీద నుంచి టీచరమ్మ తల కాస్త తిప్పి, గుమ్మంలో ఒట్టి కాళ్లతో నిలబడ్డ మొగుణ్ని చూసింది. ఒక్క క్షణం ఆవిడ ముఖం వెలిగింది. ఆ వెలుగు ఆయన చూశాడు. అది చూడకుండా ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆవిడ వెంటనే బడిలో వాడే గొంతు తెచ్చుకుంది. ఉన్న బలమంతా అందులో పెట్టింది.

"అమ్మాయ్, ఆయన్ని రానివ్వకు. ఆయన కంట్లో ఉక్కు పలుకు ఉంది."

ఆ అమ్మాయి చటుక్కున తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆయన ఏం కాదులే అన్నాడు. ఎప్పుడో సంగతి, అంతా పోయింది అన్నాడు. ముందు కంటికి ఎక్స్‌రే తీయాలి, డాక్టరు సరే అనాలి, ఇలా అబద్ధం చెబితే నా ఉద్యోగం మాట అలా ఉంచండి, మీ కన్ను ఏమైపోయేది అంకుల్ అని ఆ అమ్మాయి గట్టిగానే మందలించింది. ఎక్స్‌రేలో ఏం కనిపిస్తుందో ఆయనకు తెలుసు. గుమ్మం ఇవతలే నిలబడి చిన్నపిల్లాడిలా తల వంచుకున్నాడు.

లోపలి నుంచి టీచరమ్మ మళ్లీ పలికింది. ఈసారి మెత్తగా.

"బయట కూర్చోండి. నాకు అలవాటే కదండీ."

అదే మాట. అప్పుడు నమ్మినట్టే ఇప్పుడూ నమ్మాల్సి వచ్చింది, నమ్మకపోయినా చేయగలిగింది లేదు కాబట్టి. ఆ అమ్మాయి సంచి ఎత్తబోతుంటే ఆయన ఆగమన్నాడు. సంచిని తనే తీసుకుని, ఊగే కుర్చీలో కూర్చుని, ఒళ్లో పెట్టుకుని, చొక్కా గుండీలు విప్పి పొట్టకు హత్తుకున్నాడు. నిజంగానే మంచుగడ్డలా ఉంది. రెండు చేతులతో రుద్దాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు వింతగా చూశారు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. సంచికి ఒంటి వేడి పట్టిందని తోచాక ఆమె చేతుల్లో పెట్టాడు. తలుపు మూసుకుంది.

మోత మొదలైంది. ముందు వడ్రంగి వచ్చాడు. తర్వాత రోడ్డు తవ్వేవాళ్లు వచ్చారు. ఈసారి చేతిలో పని లేదు, మనసు ఇంకెక్కడికీ పోలేదు. తాళాలాయన ఒట్టి కాళ్లతో కూర్చుని తలుపు వైపే చూశాడు. ఆ పిడికి ఇప్పటికీ తాళం లేదు. ఇన్నేళ్లూ లేదు. ఏ రోజు లోపలికి వెళ్లాలన్నా జేబులు ఖాళీ చేసి ఆ పిడి తిప్పితే సరిపోయేది. ఊళ్లో ఎవరి తలుపైనా తెరిచి పెట్టగల మనిషి ఇవాళ దాని ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

స్కాన్ అయ్యాక టీచరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తెచ్చారు. ఆ అమ్మాయి ముఖంలో ఏమన్నా తెలుస్తుందేమోనని ఆయన చూడలేదు. కింద కూర్చుని భార్య కాళ్లకు చెప్పులు తొడగబోయాడు. తొడగకుండా, రెండు పాదాలనూ ఒళ్లో పెట్టుకుని అరచేతులతో పట్టుకున్నాడు. వరండాలో జనం ఉన్నారు. లేవండి, బాగుండదు అంది ఆవిడ. ఆయన లేవలేదు. ఎప్పుడో అడగాల్సింది ఇప్పుడు అడిగాడు.

"అలవాటైందని ఎందుకు చెప్పావు?"

టీచరమ్మ ఆయన తల వైపు చూసింది. జుట్టులో ఇత్తడి రజను మెరుస్తోంది. చెయ్యి చాపి దులిపింది.

"మీకు అలవాటు కావటం లేదని. నా పాదాలు పట్టుకుని మీరు వణికేవారు. లోపల నాకు తెలిసేది."

తాళాలాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి ఇప్పుడు వణకడం లేదు. ఆ అమ్మాయి లోపల బల్ల తుడిచి, సంచిని తెచ్చి బీరువా అడుగు అరలో పెట్టేసి, గుమ్మంలోకి వచ్చి తర్వాతి మనిషిని పిలిచింది. వాళ్లకు దారి ఇవ్వడానికి కూడా ఆయన పాదాలు వదలలేదు.